వంటింటి సందేహాలు: గుడ్డు పులుసులో కారం గుడ్డుకు పట్టేదెలా?

ప్రశ్న: రాగి సంగటిలోకి కోడిగుడ్డు పులుసు చేసినప్పుడల్లా, ఎంత మిరపపొడి వేసినా పులుసు గొంతు మండిస్తోందే తప్ప గుడ్డు చప్పగానే ఉంటోంది. పైగా పచ్చసొన చుట్టూ ఆకుపచ్చని చార కనిపిస్తోంది. పొరపాటు ఎక్కడ జరుగుతోందో తెలుపగలరు.
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఉడికి గట్టిపడిన తెల్లసొన వంకాయ ముక్కలాగా పులుసును పీల్చుకోదు కాబట్టి, గుడ్డు లోపలికి కారం దిగుతుందన్న ఆశను ముందుగా వదులుకోవాలి. కారం దాని పైపొరను అంటుకొని ఉండవలసిందే. ఒలిచిన గుడ్లను తడి లేకుండా తుడిచి, నాలుగు వైపులా నిలువుగా గాట్లు పెట్టి, చెంచాడు నూనెలో పసుపు, చిటికెడు ఉప్పు, కాస్త మిరపపొడి వేసి, పైపొర బంగారు రంగుకు తిరిగి బుడిపెలు లేచే వరకు సన్నని సెగపై దొర్లించండి. ఆ గరుకుదనానికే పులుసు పట్టుకుంటుంది. గాట్లు పెట్టకపోతే లోపలి ఆవిరికి గుడ్డు చిట్లి, నూనె చేతిమీద పడుతుంది.

ఇక గొంతు మంట సంగతి. మిరపకాయకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. మరుగుతున్న పులుసులో పైనుంచి వేసిన మిరపపొడి పచ్చివాసనతో మండిస్తుందే కానీ రుచిగా మారదు. ఆరు గుడ్లకు ఎనిమిది ఎండుమిరపకాయలు, రెండు చెంచాల ధనియాలు, అరచెంచా జీలకర్ర, నాలుగు మిరియాలు నూనె లేకుండా దోరగా వేయించి, పొట్టు తీసిన రెండు చెంచాల వేయించిన వేరుశెనగ గింజలు, ఆరు తెల్లగడ్డ రెబ్బలు చేర్చి మెత్తగా నూరుకోండి. మిరపకాయల్లో సగం గుంటూరువి, సగం బ్యాడగివి తీసుకుంటే ఘాటుతోపాటు ఎర్రని రంగు కూడా వస్తుంది. వేరుశెనగకు బదులు కొబ్బరి వేసేవారున్నారు, కానీ వేరుశెనగ పండే చిత్తూరు సీమలో ఉండి ఆ గింజలను కాదనడం నాకు ఇష్టం లేదు.

నాలుగు చెంచాల వేరుశెనగ నూనెలో ఆవాలు, కరివేపాకు చిటపటలాడాక, సన్నగా తరిగిన మూడు ఎర్రగడ్డలను గోధుమరంగు వచ్చే దాకా వేయించండి. పది నిమిషాలకు పైగానే పడుతుంది; చాలామంది తొందరపడేది ఇక్కడే. తరువాత రెండు టమాటాలు, నూరిన మసాలా వేసి, అంచుల వెంబడి నూనె తేలే వరకు కలుపుతూ ఉండాలి. మసాలా మాడితే చేదెక్కుతుంది, ఆ చేదును దేనితోనూ దాచలేము. ఆపైన నిమ్మకాయంత చింతపండు రసం, రెండు గ్లాసుల నీళ్ళు, తగినంత ఉప్పు వేసి పది నిమిషాలు మరిగించి, గుడ్లు వేసి మరో ఐదు నిమిషాలకు దించేయండి. వడ్డించే ముందు అరగంట మూతపెట్టి ఉంచితే పులుసు చిక్కబడి గాట్లలోకి చేరుతుంది.

ఆకుపచ్చ చార అతిగా ఉడికించడం వల్ల వచ్చేది. పచ్చసొనలోని ఇనుము, తెల్లసొనలోని గంధకం కలిసి ఆ రంగును ఇస్తాయి. హాని లేదు, చూడటానికే బాగుండదు. నీళ్ళు మరిగాక పది నిమిషాలకు మించనీయక, వెంటనే చల్లనీళ్ళలో వేయండి. అప్పుడే పెట్టిన గుడ్డు పెంకు అంటుకొని ఊడదు కాబట్టి, పులుసుకు వారం నాటి గుడ్లే మేలు.

ప్రశ్న: టమాటాలు చౌకగా దొరికినప్పుడు ఎక్కువగా వేస్తే పులుసు పుల్లగా అవుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: టమాటాలు పెంచిన రోజున చింతపండును సగానికి తగ్గించండి. అప్పటికే పుల్లగా మారి ఉంటే మరో చెంచా వేరుశెనగ పొడి, చిటికెడు బెల్లం వేసి కాసేపు మరిగించాలి.

ప్రశ్న: మిగిలిన గుడ్డు పులుసును మరునాడు కొండకు వెళ్ళేటప్పుడు దారిలో తినడానికి కట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, పుత్తూరు

జవాబు: తిరుమలకు మాంసాహారంతోపాటు కోడిగుడ్లను కూడా తీసుకువెళ్ళకూడదు కాబట్టి, దానిని ఇంటిదగ్గరే ముగించండి. మిగిలిన పులుసును ఎండాకాలంలో గంటకు మించి బయట ఉంచక ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు పులుసును మాత్రం బాగా మరిగించి, గుడ్లను చివరలో వేసి వేడెక్కనివ్వండి. వాటిని మళ్ళీ ఉడికిస్తే తెల్లసొన రబ్బరులా సాగుతుంది.