క్లాజ్ నంబర్లు బట్టీ పట్టి పరీక్ష తప్పినవాణ్ణి చెబుతున్నా

సంస్థల నాణ్యతా వ్యవస్థకి ప్రమాణమైన ఐఎస్‌ఓ 9001 మీద లీడ్ ఆడిటర్ (తనిఖీ బృందం పెద్ద) పరీక్షకి అందులోని క్లాజులన్నీ కంఠతా రావాలా అని అడిగారు. అక్కర్లేదండి. నేను 4 నుంచి 10 దాకా సబ్ క్లాజులతో సహా అప్పజెప్పగలిగి కూడా మొదటిసారి తప్పాను. పైగా మాకు స్టాండర్డ్ కాపీ పక్కనే పెట్టుకోనిచ్చారు!

నన్ను ముంచింది ఒక రకం ప్రశ్న. ఒక సందర్భం ఇస్తారు. తప్పు ఉంటే నాన్‌కన్ఫర్మిటీ (ప్రమాణం అడిగినట్టు లేదన్న నివేదిక) రాయాలి, ఆధారం చాలకపోతే ఇంకా ఏం చూస్తారో రాయాలి. క్యాలిబ్రేషన్ (కొలత సరిగ్గా చూపుతోందా అన్న పరీక్ష) గడువు దాటిన మైక్రోమీటర్, అంటే సన్నటి కొలతలు తీసే పరికరం, బల్ల మీద ఉంది, ఆపరేటర్ "ఇది వాడటం లేదు" అన్నాడు. ఇంతే ఇచ్చింది. నేను ఆవేశంగా కొలత పరికరాల క్లాజు 7.1.5.2 కింద నాన్‌కన్ఫర్మిటీ అని రాసేశాను. వాడుతున్నారన్న రుజువు అందులో ఎక్కడుంది?

ఆ తర్వాత ఇంటర్నల్ ఆడిట్‌కి (సంస్థ తనే చేసుకునే తనిఖీకి) మా సీనియర్ నన్ను వెంట తీసుకెళ్ళారు. నమ్మరు గానీ, అచ్చం అదే సీను. స్టిక్కర్ మీద తేదీ దాటిపోయిన మైక్రోమీటర్, "దీన్ని వాడట్లేదు సార్" అంటున్న కుర్రాడు. నేను పెన్ను తీశాను. ఆయన ఆగమని సైగ చేసి, పక్కనున్న ఆరోజు ఇన్‌స్పెక్షన్ షీటు అందుకుని, పరికరం నంబరు రాసే గడి మీద వేలు పెట్టారు. స్టిక్కర్ మీదున్న నంబరే! "ఇప్పుడు రాయి" అన్నారు. ఏం ఉండాలి, ఏం చూశాం, తేడా ఎక్కడ అని మూడు ముక్కలు రాశాను. ఈ మూడూ రాయడం చేతనైతే పరీక్ష సగం అయినట్టే, నన్నడిగితే.

ఆడిట్ ఎలా చేయాలో చెప్పే ఐఎస్‌ఓ 19011 కూడా చదవండి. కానీ అది మార్గదర్శకం మాత్రమే, దాని మీద నాన్‌కన్ఫర్మిటీ రాయకూడదు. 9001లో "షల్" (తప్పనిసరిగా చేయాలి) అని ఉన్న వాక్యాలే మీకు పట్టు.

ఇంకో మాట. పాత నోట్సుల జోలికి పోకండి. 9001 2015 వెర్షన్ వచ్చాక క్వాలిటీ మాన్యువల్ (నాణ్యతా వ్యవస్థని వివరించే పుస్తకం) తప్పనిసరి కాదు, ప్రివెంటివ్ యాక్షన్‌కి (తప్పు జరక్కముందే తీసుకునే జాగ్రత్తకి) విడిగా క్లాజూ లేదు. అయినా కుర్చీలో కూర్చోగానే "మాన్యువల్ తెండి" అనే ఆడిటర్లు ఇంకా తిరుగుతున్నారు. వీళ్ళని ఎవరు పాస్ చేశారో!

రెండోసారి నేను గట్టెక్కాను. ఆ సంబరంలో సీనియర్‌కి ఆ ఆడిట్‌లో రాసిన నాన్‌కన్ఫర్మిటీ మళ్ళీ చూపించాను. ఆయన చదివి, "బాగానే ఉంది. మరి గడువు దాటాక దాంతో కొలిచి పంపేసిన ముక్కల సంగతి అడిగావా?" అన్నారు. అడగలేదు. అదీ ఆ 7.1.5.2లోనే ఉంది, చివరి పేరాలో.