పాలసీకి ముందు తీర్చాల్సిన లెక్కలు

ప్రశ్న: మాది నారాయణపేట దగ్గర పల్లె. నాలుగేళ్ల సంది హైదరాబాద్‌ల బిల్డింగ్ పనికి పోతున్నం. ఇద్దరికి కలిపి నెలకు 24 వేల దాకా వస్తయి, వానల్లో సగమే. ఊళ్లె 80 వేల అప్పుంది, నూటికి మూడు రూపాయల వడ్డీ. వడ్డీ కడుతున్నం, అసలు అట్లనే ఉంది. ఎనిమిదేళ్ల పాప బడి మాని నాలుగేళ్ల తమ్ముణ్ణి చూసుకుంటున్నది. పిల్లల పేరు మీద నెలకు 2 వేల పాలసీ తీసుకోమని ఏజెంటు అంటుండు. తీసుకోమంటరా?

జవాబు: వద్దమ్మా. మీరు కట్టే వడ్డీ నెలకు 2,400, అంటే ఏడాదికి నూటికి 36. ఇలాంటి పాలసీలో రాబడి ఆరు దరిదాపుల్లో ఉంటే గొప్ప. ఆ 2 వేలు కూడా కలిపి నెలకు 4,400 కడితే 27 నెలల్లో అప్పు తీరిపోతుంది. అసలు కొంచెం కొంచెంగా తీసుకోనని షావుకారు అంటే, పోస్టాఫీసులో దాచి పది వేలు కాగానే కట్టండి. కట్టిన ప్రతిసారీ అప్పు నోటు వెనక జమ రాయించండి. ఊళ్లో మహిళా సంఘంలో మీ సభ్యత్వం ఉంటే బ్యాంకు అప్పు అడగండి, వడ్డీ రూపాయికి అటూఇటూగా ఉంటుంది. మేస్త్రీ దగ్గర మాత్రం కొత్తగా అడ్వాన్సు తీసుకోకండి.

రేషన్ కార్డు ఊళ్లో ఉందని బియ్యం కొనుక్కుంటున్నారా? మీలాంటి చాలామంది అదే చేస్తున్నారు. వేలిముద్ర వేస్తే హైదరాబాద్‌లో ఏ రేషన్ షాపులోనైనా ఇస్తారు. నలుగురి పేర్లూ ఉంటే మనిషికి 6 కిలోల చొప్పున 24 కిలోల సన్నబియ్యం. బయట కిలో 50 అనుకున్నా 1,200 మిగులు. అదీ అప్పుకే కడితే 27 నెలలు 19 అవుతాయి.

ఇక పాప సంగతి. ఆమె చదువు ఆగిపోతే పూడ్చే పాలసీ ఏదీ లేదు. బాబును దగ్గర్లోని అంగన్‌వాడీలో చేర్పించండి. మూడేళ్లు దాటిన పిల్లలకు అక్కడే ఆటపాటలు, భోజనం. ఊరు వేరని వద్దనకూడదు. అప్పుడు పాప బడికి పోవచ్చు. టీసీ లేదని సర్కారు బడి చేర్చుకోకుండా ఉండకూడదు, వయసుకు తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టాలి. 2009 విద్యాహక్కు చట్టం చెప్పేది అదే. హెడ్‌మాస్టర్ కాదంటే మండల విద్యాధికారిని కలవండి. అంగన్‌వాడీ మూసే వేళకు, బడి వదిలే వేళకు మీరింకా పనిలోనే ఉంటారని తెలుసు. ఆ రెండు మూడు గంటలకు పక్క గుడిసెలో ఒకామెకు నెలకు వెయ్యి ఇచ్చినా నష్టం లేదు.

పాప పేరున పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా ఇప్పుడే తెరవండి. పదేళ్లు నిండితే తెరవనివ్వరు, అప్పు తీరేదాకా ఆగితే ఆ వయసు దాటిపోవచ్చు. ప్రస్తుతానికి ఏడాదికి 250 చాలు. మీ ఇద్దరికీ బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా చేయించండి. ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు ఇస్తుంది. ఏడాదిలో 90 రోజులు బిల్డింగ్ పని చేసినవాళ్లకు కార్మిక శాఖ కార్డు వస్తుంది, అదీ వదలొద్దు.

ఏజెంటు ఇప్పటికే సంతకం పెట్టించుకుని ఉంటే, పాలసీ కాగితాలు చేతికొచ్చిన 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చు. కొద్దిగా కోత పోను డబ్బు తిరిగొస్తుంది.