కార్మికుల పార్టీయే భృతిని కుదించిన వేళ

ప్రశ్న: జర్మనీలో సోషల్ డెమొక్రాట్లు కార్మికుల పార్టీగా ఎదిగినవారు కదా, వారి పాలనలోనే నిరుద్యోగ భృతిని ఎందుకు కుదించారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: 2003 మార్చిలో ఛాన్సలర్ గెర్హార్డ్ ష్రోడర్ 'అజెండా 2010' అనే సంస్కరణల కార్యక్రమాన్ని ప్రకటించే నాటికి అక్కడ నిరుద్యోగులు 40 లక్షలు దాటారు. పింఛను, వైద్యం, భృతి చాలావరకు యజమానులు, కార్మికులు కట్టే బీమా చందాలతోనే నడిచే దేశంలో ఉద్యోగాలు తగ్గితే, ఒకవైపు రాబడి పడిపోతూ మరోవైపు ఖర్చు పెరుగుతుంది. ఆ భారం తగ్గించుకోవడానికే భృతిపై కోత పెట్టారు.

అయితే అసలు గాయం ఆ కార్యక్రమంలో భాగంగా 2005 జనవరి 1న అమలైన 'హార్ట్జ్ 4' చట్టంతో తగిలింది. అంతకుముందు బీమా భృతి గడువు ముగిసినా, పాత జీతాన్ని బట్టి లెక్కగట్టిన సహాయం కొనసాగేది. కొత్త చట్టం దానిని పేదల సహాయ పథకంతో కలిపివేసి, పూర్వపు పశ్చిమ జర్మనీ ప్రాంతంలో ఒంటరి వ్యక్తికి నెలకు 345 యూరోలు, ఇంటి అద్దె మాత్రమే మిగిల్చింది. పైగా కుటుంబ ఆదాయాన్నీ పొదుపునూ ఆరా తీసింది. ఇరవై ఏళ్లు చందా కట్టిన కార్మికుడిని అసలు కట్టనివారితో సమానం చేయడం అన్యాయమేనని నా అభిప్రాయం.

తరువాత నిరుద్యోగం తగ్గిన మాట నిజమే. అందులో ఈ చట్టం వాటా ఎంతన్నది ఆర్థికవేత్తలు నేటికీ వాదించుకుంటున్నారు. అసంతృప్తి చెందిన కార్మిక సంఘాల కార్యకర్తలు కొందరు వేరుపడి పెట్టిన పార్టీ, 2007లో పూర్వపు తూర్పు జర్మనీ ప్రాంతపు వామపక్షంతో కలిసి 'డీ లింకె' (వామపక్షం) అనే పార్టీగా మారింది. 2009 ఎన్నికల్లో సోషల్ డెమొక్రాట్లకు దక్కినవి 23 శాతం ఓట్లే. గంటకు 8.50 యూరోల జాతీయ కనీస వేతనం మాత్రం 2015లో గానీ రాలేదు. భృతిని కోసిన నాడే అది రావలసింది.