రన్‌వే అయిపోయినా విమానం ఆగదెందుకని?

ప్రశ్న: మా బావ దుబాయ్ నుంచి చెన్నైలో దిగి కావలి వస్తుంటాడు. పోయినసారి వానలో దిగేటప్పుడు ధడేల్‌మని కొట్టిందంట, పైలట్‌కి చేతకాలేదంటాడు. అసలు విమానాలు రన్‌వే దాటి ఎందుకు పోతాయండీ?
– ఓ పాఠకురాలు, కావలి

జవాబు: వానలో ఆ దెబ్బ మంచిదేనమ్మా. మెత్తగా దించుదామని గాల్లో తేల్చుకుంటా పోతే కింద రన్‌వే సగం అయిపోద్ది, తడి హైవే మీద బైకు బ్రేకేస్తే సర్రున జారిపోద్ది చూడండి, ఇక్కడా అదే కథ, నీటిపొర మీద టైరుకి పట్టు దొరకదు. గట్టిగా దిగితే చక్రాలు ఆ పొరని చీల్చి నేలని పట్టుకుంటాయి, వెంటనే రెక్కల మీద పలకలు లేచి బరువంతా చక్రాల మీద పడేస్తాయి, కిటికీ సీటైతే బాగా కనపడద్ది.

2020 ఆగస్టు 7న కోజికోడ్‌లో వాన, వెనక గాలి, కొండ మీద 2,700 మీటర్ల రన్‌వే. దాదాపు సగం దాటాక గానీ చక్రం నేలకి తగల్లా. విమానం ఆగక రన్‌వే దాటి కిందకి పడిపోయింది, పైలట్లిద్దరితో కలిపి 21 మంది చనిపోయారు.

అలా ఆలస్యమైతే మళ్లీ పైకి లేపేయాలి, దాన్నే గో-అరౌండ్ అంటారు. ఈసారి అట్టా లేపితే మీ బావని పైలట్‌ని తిట్టొద్దనండి, కావలికి ఓ గంట లేటైతే అయింది.