ఫ్లెక్సీ కంటే బొమ్మ పెద్దదిగా కనబడాల

తిరుపతి

చి॥ అమ్మణ్ణికి పెద్దనాయన ఆశీర్వదించి రాయునది.

మీ కాలనీ గ్యాలరీలో వరసగా మూడు ప్రదర్శనలు పెడుతున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మొదట శ్రీకాళహస్తి కలంకారీ, తర్వాత మాధవమాల కొయ్యబొమ్మలు, చివర మన ఊరి డ్రాయింగు మాస్టర్ల నీటిరంగులు. చానా సంతోషం. నువ్వు పంపిన ఆహ్వానపత్రిక కూడా చూశాను. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథులు అంటూ సగం కార్డు పేర్లే. బొమ్మలు వేసినవాళ్ళని మాత్రం ‘స్థానిక కళాకారులు’ అని ఒక్క మాటతో సరిపెట్టేశారు. కార్డు ఇంకా అచ్చుకి పోలేదు కదా, అందుకే ఫోన్ చేయకుండా వివరంగా రాస్తున్నా.

ముందు వాళ్ళ పేర్లు, ఊళ్ళు పెద్ద అక్షరాల్లో వెయ్యి. అతిథి ఒకరు చాలు. అయిదింటికి రమ్మంటే ఆయన ఏడింటికి వస్తాడు, మన ఊళ్ళో అది మామూలే. అంతదాకా జనాన్ని కుర్చీల్లో కూర్చోబెట్టొద్దు. తలుపు అయిదింటికే తీసెయ్. ఆయన వచ్చినప్పుడు ఆయన కూడా చూస్తాడు. ఫ్లెక్సీ కట్టక తప్పదంటే మెట్ల కింద, వీధి వైపు కట్టు. హాల్లో ఉన్నవే నాలుగు గోడలు, అందులో ఒకటి దానికి ఇచ్చేస్తే ఎట్లా?

తేదీలు ఇంకా ఖాయం కాలేదన్నావు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో వద్దు. ఆటో దొరకదు, బయటి ఊళ్ళ నుంచి వచ్చే కళాకారులకు గది దొరకదు. మే నెలలో గంగమ్మ జాతర వారం కూడా వదిలెయ్. బైరాగి వేషం, బండ వేషం, మాతంగి వేషం వీధుల్లోనే తిరుగుతుంటే మెట్లెక్కి మన గోడ చూడ్డానికి ఎవరొస్తారు? నేనైతే రాను.

కలంకారీ విషయం కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదువు. బట్ట నాలుగు మూలలా మేకులు కొట్టి బిగించొద్దు. బరువంతా ఆ మూలల మీద పడి నేత సాగిపోతుంది. పైఅంచుకు వెనక గొట్టంలాగా గుడ్డ కుట్టించి, అందులో కర్ర దూర్చి, కర్రను వేలాడదీయాల. తెచ్చేటప్పుడు మడతపెట్టకుండా చుట్టి తెమ్మని చెప్పు. చూపు ఆనే ఎత్తులో బొమ్మ నడిమధ్య ఉండాల, అంటే నేల నుంచి దాదాపు 57 అంగుళాలు. మన హాళ్ళలో పెళ్ళి ఫోటోల్లాగా సీలింగు కిందకి ఎక్కించేస్తారు, మెడ నొప్పి తప్ప ఏమీ మిగలదు. మీ పడమటి కిటికీకి మందపాటి తెర వేయించు. ఆ రంగులు చెట్టూ వేరూ నుంచి తీసినవి, ఎండ తగిలితే వెలిసిపోతాయి. మ్యూజియాల్లో బట్టలకూ నీటిరంగులకూ వెలుతురు 50 లక్స్ దగ్గర ఉంచుతారు. కొద్ది రోజుల ప్రదర్శనకి అంత మసక అక్కర్లేదు గానీ, ఫోకస్ లైటు తెచ్చి బట్ట ముఖాన కొట్టొద్దు.

ఇంకొకటి, ఇది మన ఊరికే ప్రత్యేకం. కలంకారీలో రాముడో కాళహస్తీశ్వరుడో ఉంటే వచ్చినవాళ్ళు చెప్పులు బయటే విడిచి వస్తారు. కొందరు పెద్దవాళ్ళు బట్టను తాకి కళ్ళకద్దుకుంటారు. వాళ్ళని కసురుకోవద్దు. వేళ్ళకి నూనె, కుంకుమ ఉంటాయి కాబట్టి గోడకి చేయి అందనంత దూరంలో బెంచీలు వరసగా వేసెయ్, సరిపోతుంది. జ్యోతి ప్రజ్వలన కుందీ, అగరొత్తులూ గుమ్మం దగ్గరే ఆపేయించు.

పాతకాలపు గుడి తెరలు చూశావా? గళ్ళు గళ్ళుగా బొమ్మలు గీసి, పక్కనే తెలుగులో కథ రాసేవాళ్ళు. మన ముత్తాతలకే తెలిసిన పని, మనం ఇంగ్లీషులో చిన్న చీటీ అంటించి ఊరుకుంటే ఏం బాగుంటుంది? ప్రతి బొమ్మ కింద తెలుగులో నాలుగు ముక్కలు రాయించు: ఎవరు వేశారు, ఏ ఊరు, కథ ఏది, ఎన్నాళ్ళు పట్టింది, ధర ఎంత.

ధర అంటే మీవాళ్ళకి మొహమాటం అని తెలుసు. మొహమాటపడితే నష్టపోయేది ఆ కలంకారీ వేసిన కళాకారిణే. ‘బజార్లో కలంకారీ చీర వందల్లోనే దొరుకుతుందే, దీనికి వేలా?’ అని అడిగేవాళ్ళు తప్పకుండా వస్తారు. వాళ్ళతో వాదన పెట్టుకోవద్దు. పని చూపించు. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టడం, చింతబొగ్గుతో గీత, ఆ తర్వాత వెదురు కలంతో నల్ల గీత, పటిక, ఎరుపు, ఉతుకు... ఒక్కో దశ దగ్గర ఆపేసిన ముక్కలు తెమ్మని ఇప్పుడే చెప్పిపెట్టు, వరసగా వేలాడదీయి. కళాకారిణిని ఒక మూల చాపేసి కూర్చోబెట్టు. తుప్పు ఇనుము, బెల్లం వారాల తరబడి ఊరబెట్టి నల్ల గీతకు వాడే కసిం సీసాలో లేత గోధుమరంగులో కనిపిస్తుంది. కరక్కాయ పట్టిన బట్ట మీద గీయగానే కళ్ళ ముందే నల్లబడుతుంది. ఇనుముకూ కరక్కాయ వగరుకూ జరిగే వ్యవహారం అది. పదో తరగతి పిల్లలు చూస్తే కెమిస్ట్రీ మాస్టారు కూడా వచ్చి నిలబడతాడు. అది చూసినవాళ్ళు ధర గురించి మళ్ళీ అడగరు. అడిగినా వేరేగా అడుగుతారు.

అట్లాగని పెడన అచ్చుల కలంకారీని తక్కువ చేసి మాట్లాడొద్దు. అదీ కలంకారీనే, పద్ధతి వేరు. ఇక్కడిది కలంతో గీసింది, అక్కడిది అచ్చుతో అద్దింది, అంతే. మిల్లులో కలంకారీ డిజైన్ ప్రింటు వేసి అమ్మేదానితోనే మన పేచీ. 2008లో మన కాళహస్తి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి పద్మశ్రీ వచ్చిందని ఒక చీటీ మీద రాసి పెట్టు. జిల్లాలో పుట్టి పెరిగినవాళ్ళకే చాలామందికి తెలీదు.

డబ్బు సంగతి మొదటిరోజే కాగితం మీద రాసుకోండి. గ్యాలరీకి వచ్చే వాటా ఎంత, అమ్ముడుపోనివి తిరిగి పంపే ఖర్చు ఎవరిది, దారిలో విరిగితే ఎవరిది అన్నీ. క్యూఆర్ కోడ్ కళాకారులదే పెట్టు, మీ కమిటీది వద్దు. వాటా వాళ్ళు మీకిస్తారు. ‘మా ఖాతాలో పడ్డాక పంపుతాం’ అన్న ఒక కమిటీ దగ్గర కళాకారులు నెలల తరబడి తిరగడం చూశాను.

మాధవమాలవాళ్ళ బొమ్మలకి ఫ్యాను కింద, ఏసీ ఎదురుగా చోటివ్వొద్దు. కొయ్య ఒక్కసారిగా ఎండితే బీటలిస్తుంది. ఎర్రచందనం బొమ్మలుంటే కొయ్య ఎక్కడ కొన్నారో రసీదులు ముందే అడిగి ఒక ఫైల్లో పెట్టుకో. మన శేషాచలం పక్కనే కాబట్టి ఈ విషయంలో ఎవరైనా వచ్చి అడగచ్చు, అడగడం న్యాయమే. విదేశాల్లో ఉండే పిల్లలకి పంపాలనుకునేవాళ్ళకి దాని ఎగుమతికి ఆంక్షలున్నాయని కొనకముందే చెప్పు. టీటీడీవాళ్ళ శిల్ప శిక్షణ సంస్థలో రాయి, కొయ్య, లోహం నేర్చుకునే పిల్లలున్నారు. వాళ్ళని ఒక సాయంత్రం పిలిస్తే ఉలి పట్టినవాళ్ళతో వాళ్ళ మాటలే వేరుగా ఉంటాయి. నువ్వు పక్కన నిలబడి విను చాలు.

నీటిరంగుల సంగతి నీకే బాగా తెలుసు. అద్దం లేకుండా మాత్రం పెట్టొద్దు. మాస్టర్లలో ఒకరు తన బొమ్మలే ఇరవై తెస్తానంటారు, పేరు చెప్పను, నీకు తెలిసిపోతుంది. తలా నాలుగు అని ముందే చెప్పెయ్.

కొయ్యబొమ్మల కింద పరచడానికి పాత కంబళ్ళు నా దగ్గరున్నాయి. గొట్టం కుట్టడానికి మీ పెద్దమ్మ ఒప్పుకుంది గానీ మిషను అక్కడికి తెమ్మనొద్దు, బట్టలే మా ఇంటికి పంపించు. ఆదివారం పొద్దున ఎవరినైనా పంపితే కంబళ్ళు ఇచ్చేస్తా. కార్డు మార్చాక నాకు ఇంకోసారి చూపించు.

ఇట్లు,
మీ పెద్దనాయన