కోట దగ్గర పాత మేడ: 42 లక్షలకైతే వద్దు

ప్రశ్న: విజయనగరం కోట దగ్గర్లో మా తాతల కాలం నాటి ఇటుక మేడ అమ్మకానికి వచ్చింది. గానుగ సున్నం గోడలు, టేకు దూలాలు. నలుగురు అన్నదమ్ములు కలిసి అమ్ముతున్నారు, 42 లక్షలట. 6 లక్షల్లో బాగుచేస్తానని మేస్త్రి అన్నాడు. నా దగ్గర 18 లక్షలున్నాయి, జీతం చేతికి 62 వేలు. లక్ష అడ్వాన్సు ఇమ్మంటున్నారు. ఇవ్వనా?

జవాబు: బ్యాంకు 80 శాతం అప్పిచ్చినా మీ వాటా 8.40 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చులు 7.5 శాతం లెక్కన 3.15. ప్రభుత్వ విలువ ఇంకా ఎక్కువుంటే దానిమీదే కట్టాలి. మేస్త్రికి 6 ఇచ్చాక మీకు మిగిలేది 45 వేలు. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే నెల వాయిదా 29 వేల పైమాటే. పని పూర్తయ్యేదాకా ఇప్పటి ఇంటి అద్దె ఎలాగూ తప్పదు.

అసలు ఆ 6 లక్షల మాటే నేను నమ్మను. దూలం గోడలోకి దిగిన చోట మేకుతో పొడిచి చూడండి. మెత్తగా దిగిపోయిందంటే చెదో తడో తినేసినట్టే. ఒక్క దూలం మార్చాలన్నా పైకప్పు విప్పాలి. పెచ్చులూడిన సున్నం గోడకి సిమెంటు పూస్తామంటే ఒప్పుకోకండి, చెమ్మ లోపలే నిలిచి ఇటుక పొడి రాలుతుంది. సున్నం పని తెలిసిన చేతులు ఇప్పుడు తక్కువ, కూలీ ఎక్కువ. వాన వెలిసిన మర్నాడు స్ట్రక్చరల్ ఇంజినీరుని వెంటబెట్టుకెళ్లండి. ఆ ఫీజు దండగ కాదు.

బ్యాంకు ఇంజినీరు కూడా పాత గోడలకి పెద్దగా విలువ కట్టడు, స్థలాన్నే చూస్తాడు. మీ బేరమూ అక్కణ్ణుంచే మొదలుపెట్టండి. 36 లక్షలకి దిగితే మీ వాటా, రిజిస్ట్రేషన్ ఖర్చులు పోను 8.10 మిగులుతుంది. 5తో కప్పు, దూలాలు, వైరింగు చేయించండి. మిగతా 3 ముట్టుకోకండి, అది ఏడాది వాయిదాల డబ్బు. సున్నాలు, రంగులు తర్వాత నెమ్మదిగా చూసుకోవచ్చు. 36కి దిగకపోతే వదిలేయండి.

అన్నట్టు, ఆ నలుగురికీ అక్కచెల్లెళ్లు లేరా? తండ్రి వీలునామా రాయకుండా పోయుంటే కూతుళ్లకూ సమాన వాటా ఉంటుంది, వాళ్ల సంతకాలూ కావాలి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, 30 ఏళ్ల ఈసీ (ఆస్తిమీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) అడగండి. సంస్థానం నాటి ఊరు, దేవస్థానం భూములకీ కొదవ లేదు. కాబట్టి ఆ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో ఉందేమో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చూడండి. ఇవన్నీ ఒక లాయరు చదివేదాకా ఆ లక్ష మీ ఖాతాలోనే ఉంచండి.