ఎన్నికలు జరిగే దేశంలో స్వేచ్ఛ తగ్గిపోతుంటే మామూలు మనిషికి తెలుస్తుందా?

వెంటనే తెలియదు. హంగేరీలో నా కళ్ల ముందే జరిగినా నాకు ఆలస్యంగానే అర్థమైంది.

2016లో చదువు కోసం బుడాపెస్ట్ వెళ్లాను. ట్రాములు వేళకు నడిచేవి, రాత్రి ఒంటరిగా తిరిగొచ్చినా భయం వేసేది కాదు. మా ఇంటి యజమానురాలు డెబ్బై దాటిన రిటైర్డ్ టీచరు. రోజూ ‘నేప్‌సబద్‌షాగ్’ పత్రిక కొనుక్కొచ్చి, వంటగదిలో కాఫీ తాగుతూ చివరి పేజీ దాకా చదివేవారు. ప్రభుత్వాన్ని గట్టిగా ప్రశ్నించే పత్రిక అది. అక్టోబరు 8, శనివారం నాడు దాన్ని ఉన్నట్టుండి ఆపేశారు. నష్టాలు వస్తున్నాయన్నారు. సోమవారం ఆవిడ అలవాటుగా దుకాణానికి వెళ్లి వట్టి చేతులతో వచ్చారు. శనివారం సంచికను మడత నలగకుండా బీరువాలో దాచుకున్నారు. నిషేధిస్తూ ఏ ఉత్తర్వూ రాలేదు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే. దేనికి దానికి ఒక కాగితం, ఒక కారణం ఉంటాయి.

అసలు పని 2010లోనే మొదలైంది. ఆ ఎన్నికలతో ప్రధాని అయిన విక్టర్ ఓర్బాన్ పార్టీకి దాదాపు 53 శాతం ఓట్లతో మూడింట రెండు వంతుల సీట్లు వచ్చాయి. ఆ బలంతో కొత్త రాజ్యాంగం రాసుకున్నారు. న్యాయమూర్తుల పదవీ విరమణ వయసును 70 నుంచి 62కు దించి, అనుభవజ్ఞులను ఒక్కసారిగా ఇంటికి పంపారు. అది చెల్లదని 2012 నవంబరులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం చెప్పేసరికి చాలా కుర్చీల్లో కొత్తవారు కూర్చున్నారు. ఎన్నికల చట్టమూ మారింది. 2014లో ఓట్లు 45 శాతానికి పడిపోయినా 199 సీట్లలో 133 దక్కాయి. వ్యక్తి స్వేచ్ఛకు పెద్దపీట వేసే ఉదారవాదం లేని రాజ్యాన్ని కడుతున్నామని ఆ ఏడాది ఓర్బానే బహిరంగంగా ప్రకటించారు.

ఇది ఇతర దేశాలు చూసి నేర్చుకునే విద్య. పోలండ్‌లో 2011 ఎన్నికల్లో ఓడిన రాత్రి, ఏదో ఒక రోజు రాజధాని వార్సాలోనూ బుడాపెస్ట్ వస్తుందని ‘లా అండ్ జస్టిస్’ పార్టీ నేత కచిన్‌స్కీ అన్నారు. 2015లో ఆయన పార్టీ గెలిచింది. 2018లో సుప్రీంకోర్టు న్యాయమూర్తుల పదవీ విరమణ వయసును 70 నుంచి 65కు తగ్గించారు. అదే ఎత్తు!

పత్రిక పోయాక మా యజమానురాలికి ప్రభుత్వాన్ని విమర్శించే క్లుబ్‌రాడియో అనే స్టేషను మిగిలింది. పత్రాలు ఆలస్యంగా ఇచ్చారన్న కారణంతో దాని లైసెన్సు పొడిగించకపోవడంతో 2021 ఫిబ్రవరిలో అది కూడా ఎఫ్‌ఎంలో వినిపించడం మానేసింది. అప్పటికి నేను హైదరాబాద్ వచ్చేశాను. ఆవిడే ఫోన్ చేసి, ఇంటర్నెట్‌లో రేడియో ఎలా పెట్టుకోవాలని అడిగారు. ఒక్కో మీట చెబుతూ అరగంట కూర్చున్నాను. చివరికి అటువైపు వార్తలు చదివే గొంతు వినిపించింది.